రాయగడ నుంచి విశాఖకు: ఏ బండికి ఎంత, ఎందుకంత

ఒడిశాలోని రాయగడలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు విశాఖపట్నంతో పని పడని నెల ఉండదు. పెద్ద డాక్టర్లు అక్కడే, పిల్లల కాలేజీలు అక్కడే, పెళ్లిళ్లకు బట్టలూ బంగారమూ అక్కడే. రైలు మార్గాన సుమారు 200 కిలోమీటర్లు. ఆ దూరానికే పాసింజరు బండిలో ఒక ధర, ఎక్స్‌ప్రెస్‌లో ఒక ధర, వందే భారత్‌లో ఇంకో ధర ఉంటాయి. బస్సులోనైతే ఎక్కిన మనిషి ఏ రాష్ట్రానికి చెందినదన్న దాన్ని బట్టి కూడా ధర మారుతుంది. మా ఇంట్లోవాళ్లం వీటన్నిటిలోనూ తిరుగుతూనే ఉంటాం కనుక, ఏది ఎవరికి పనికొస్తుందో, ఎవరు దేనికి ఎంత పుచ్చుకుంటారో, అంత ఎందుకు పుచ్చుకుంటారో వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మా సరిహద్దు జిల్లాలవాళ్లకు పాసింజరు బండిని మించిన న్యాయమైన సేవ లేదు. అది చౌక కావడం ఒక కారణమైతే, టికెట్ ఇచ్చేటప్పుడు మనది ఏ రాష్ట్రమని అడగకపోవడం అంతకంటే పెద్ద కారణం.

విశాఖపట్నం–రాయపూర్ పాసింజరు మా ఊరి మీదుగానే నడుస్తుంది. ఈ దారి చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా పట్టాలు పూర్తయింది 1931లో. ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే బండి నడవడం మొదలైనప్పుడు కూనేరు దగ్గర ఇప్పుడున్న సరిహద్దే లేదు. రాయగడ, కోరాపుట్ ప్రాంతాలు అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. ఆ తర్వాత గీతలు మారాయి, జిల్లాలు మారాయి, 1992లో రాయగడ సొంతంగా జిల్లా అయింది. రైలు ఛార్జీ లెక్క మాత్రం ఆ గీతలతో సంబంధం లేకుండా కిలోమీటర్ల మీదే సాగుతోంది.

జనరల్ బోగీలో కూర్చుంటే ఈ సేవ ఎవరి కోసమో కళ్లారా కనబడుతుంది. కూనేరు, గుమడ వంటి చిన్న స్టేషన్లలో కొండ చీపుళ్ల కట్టలు ఎత్తుకుని ఆడవాళ్లు ఎక్కుతారు. ఆ కట్టలను పైబల్ల మీదకు తోసినప్పుడల్లా వాటి నూగు కిందవాళ్ల భుజాల మీద రాలుతుంది, ఎవరూ విసుక్కోరు, దులుపుకుని కొంచెం జరిగి చోటిస్తారు. ఒక గోనెసంచిలో చింతపండు, మరొకదానిలో అనాసపళ్లు. ఆ బోగీలో కువి మాట్లాడే వాళ్లుంటారు, ఒడియా మాట్లాడేవాళ్లుంటారు, తెలుగు మాట్లాడేవాళ్లుంటారు; బేరం దగ్గరకొచ్చేసరికి మూడూ కలిసిపోతాయి. వీళ్లకు సంతకు వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు అమ్మకంలో మిగిలేదానిలోంచే పోవాలి కాబట్టి, ఐదు రూపాయలు పెరిగినా అది లెక్కలోకొస్తుంది.

పాసింజరు బండ్లలో కనీస ఛార్జీ 10 రూపాయలు. కోవిడ్ తర్వాత ఈ బండ్లనే ప్రత్యేక ఎక్స్‌ప్రెస్‌ల పేరుతో నడిపిన కాలంలో అది 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్లీ 10కి తగ్గించారు. 30 రూపాయలున్న ఆ రోజుల్లో పక్క స్టేషన్లకు వెళ్లే కొండ గ్రామాలవాళ్లు ఎంత ఇబ్బందిపడ్డారో ఈ లైను మీద ఉన్నవాళ్లందరికీ తెలుసు. 2025 జులై 1న దేశమంతటా ఛార్జీలు పెంచినప్పుడు సాధారణ సెకండ్ క్లాసులో 500 కిలోమీటర్ల లోపు పెంచలేదు. అదే ఏడాది డిసెంబరు 26న పెంచినప్పుడు కూడా 215 కిలోమీటర్ల లోపు దూరాన్ని వదిలేశారు. రాయగడ–విశాఖ దూరం సరిగ్గా ఆ హద్దుకు లోపలే ఉండడం మా అదృష్టం. మా అబ్బాయి ఉండే బెంగళూరులో 2025 ఫిబ్రవరి నుంచి మెట్రో గరిష్ఠ ఛార్జీ 90 రూపాయలు. ఒక నగరం ఒక చివరి నుంచి మరో చివరికి వెళ్లడానికి పెట్టే ఆ డబ్బు కంటే తక్కువకు మేము ఒక రాష్ట్రం దాటి సముద్రం దాకా వెళ్లగలుగుతున్నాం.

ఇంత తక్కువకు ఎలా గిట్టుతోందంటే, గిట్టడం లేదు. ప్రయాణికుణ్ణి తీసుకెళ్లడానికి 100 రూపాయలు ఖర్చయితే సగటున 54 రూపాయలే వసూలవుతున్నాయని రైల్వే శాఖే పార్లమెంటులో చెప్పింది. మిగిలినది ఎక్కువగా సరకు రవాణా ఆదాయం నుంచి పూడుస్తారు. మా పట్టాల మీద రాత్రీ పగలూ నడిచే సరకు బండ్లకు దారివ్వడం కోసం పాసింజరు ఎక్కడో ఆగిందంటే, మన టికెట్‌లో తగ్గిన డబ్బుకు ఒక రకంగా అవే ఆధారమని గుర్తుంచుకోవాలి. అయితే ఆ ఆలస్యాన్ని భరించగలిగిన పనులకే ఈ బండి. కోర్టు వాయిదాకో, డాక్టరు ఇచ్చిన సమయానికో దీన్ని నమ్ముకోమని నేను చెప్పను.

ఎక్స్‌ప్రెస్ బండ్లు ఈ దారిలో తగినన్ని ఉన్నాయి. కోర్బా ఎక్స్‌ప్రెస్, సమతా రెండూ రాయగడలో ఆగుతాయి. ఇక్కడ టికెట్ కొనేవాళ్లు గమనించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ క్లాసుకు 50 కిలోమీటర్లు, స్లీపర్‌కు 200 కిలోమీటర్లు, థర్డ్ ఏసీకి 300 కిలోమీటర్లు కనీస దూరంగా లెక్కకడతారు. రాయగడ నుంచి విశాఖ వెళ్లేవాళ్లు స్లీపర్ తీసుకుంటే ఇచ్చిన డబ్బుకు తగిన దూరం పూర్తిగా వెళ్తారు. రాయగడలో ఎక్కి పార్వతీపురంలోనే దిగేవాళ్లు అదే స్లీపర్ టికెట్ తీసుకుంటే ఎక్కని నూట యాభై కిలోమీటర్లకు కూడా డబ్బు కట్టినట్టే. థర్డ్ ఏసీలోనైతే విశాఖ వెళ్లేవాళ్లు కూడా మరో వంద కిలోమీటర్లకు అదనంగా చెల్లిస్తున్నారు. సమతా సూపర్‌ఫాస్ట్ బండి కనుక జనరల్‌కు 15, స్లీపర్‌కు 30 రూపాయల అదనపు రుసుము పడుతుంది. ఇంకొకటి, దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది. అందుకని ఢిల్లీకో చెన్నైకో వెళ్లేవాళ్లు విశాఖ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకో టికెట్ తీసుకుంటే నష్టపోతారు.

రైలు ఛార్జీ దేశమంతా ఒక్కటే అని స్థూలంగా చెప్పినా మినహాయింపులు లేకపోలేదు. కొంకణ్ రైల్వేలో అసలు దూరానికి 40 శాతం కలిపి ఛార్జీ లెక్కకడతారు, ఆ మార్గం వేయడానికైన భారీ ఖర్చు రాబట్టుకోవడానికి. మా కొండల్లోనూ వంతెనలూ మలుపులూ తక్కువేమీ కావు. అయినా రాయగడ–విశాఖ దారిలో కిలోమీటరును కిలోమీటరుగానే చూస్తున్నారు. ఇది ఎప్పటికీ ఇలాగే ఉండాలని కోరుకుంటున్నాను.

2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ గురించి చాలామంది అడుగుతుంటారు. బండి శుభ్రంగా ఉంటుంది, కుర్చీలు బాగుంటాయి, రాయగడలోనూ పార్వతీపురంలోనూ ఆగుతుంది. గురువారం నడవదు. పాసింజరు ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. డబ్బు సంగతి పక్కనపెట్టినా, దుర్గ్‌లో తెల్లవారుజామున బయలుదేరి విశాఖ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఐదు అవుతుంది. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోవలసిన రోగికి ఆ సమయం అక్కరకు రాదు. పైగా అదే బండి ఒక గంట తర్వాత వెనక్కి బయలుదేరుతుంది కాబట్టి, అదే రోజు పని చూసుకుని అందులోనే తిరిగి రావడం కుదరదు. రాయపూర్ వైపు వ్యాపారం ఉన్నవాళ్లకూ, విశాఖ నుంచి సాయంత్రం ఇంటికి చేరాలనుకునేవాళ్లకూ ఇది మంచి సేవ. మా ఇంట్లో పెద్దవాళ్లను తీసుకొచ్చేటప్పుడు తిరుగు ప్రయాణానికి దీన్నే ఎంచుకుంటాం.

పెద్దవాళ్ల ప్రస్తావన వచ్చింది కనుక మరో మాట. 2020 మార్చి వరకు అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం రైల్లో రాయితీ ఉండేది. అప్పుడు ఆపినది ఆగినట్టే ఉంది. క్యాన్సర్ రోగులకు మాత్రం స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ పూర్తి రాయితీ, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ కొనసాగుతున్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి మా జిల్లా నుంచి వెళ్లే కుటుంబాలు ఈ సదుపాయం తెలియక పూర్తి డబ్బు పెట్టి వెళ్తున్నాయి. ఆసుపత్రివాళ్లు ఇచ్చే ధ్రువపత్రం స్టేషన్ కౌంటర్‌లో చూపిస్తే చాలు. దయచేసి మీకు తెలిసినవాళ్లకు చెప్పండి.

ఇక బస్సు. నేను పుట్టింది పార్వతీపురంలో, మెట్టింది రాయగడలో. మా ఆడపడుచు పుట్టింది రాయగడలో, మెట్టింది పార్వతీపురంలో. సరిహద్దు ఊళ్లలో ఇలాంటి కుండమార్పిడి సంబంధాలు కొత్త కావు. దసరా వెళ్లాక విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇద్దరం పార్వతీపురంలో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒకే సీటులో కూర్చున్నాం. కండక్టరు వచ్చి ఆధార్ చూపించమన్నారు. మా ఆడపడుచుది చూసి మెషీన్ నొక్కి చీటీ ఇచ్చారు. దాని మీద అసలు ఛార్జీ ఎంతో, ప్రభుత్వం భరించే రాయితీ ఎంతో, చెల్లించవలసింది సున్నా అనీ వరసగా అచ్చయి ఉంది. నాది చూసి, "మీది ఒడిశా చిరునామా కదమ్మా, మీకు టికెట్ కొట్టాలి" అన్నారు, ఎంతో మర్యాదగానే. "వదినా, నీ టికెట్ నేను తీస్తానుండు" అని మా ఆడపడుచు పర్సు తీసింది. ఆంధ్రలో పుట్టిన నేను డబ్బు కట్టి, ఒడిశాలో పుట్టిన తను ఉచితంగా, ఇద్దరం ఒకే అమ్మవారి దగ్గరికి వెళ్లాం.

ఇందులో కండక్టరు తప్పేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్ర నివాసితులకే వర్తిస్తుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో చెల్లుతుంది, రాష్ట్రం దాటి వెళ్లే సర్వీసుల్లో చెల్లదు. ఖర్చు ఆ రాష్ట్ర ఖజానాది కాబట్టి తన ప్రజలకే ఇస్తానంటే కాదనలేం. ఇబ్బందల్లా రాష్ట్రం దాటే బస్సుల దగ్గరే. పార్వతీపురం నుంచి రాయగడ వచ్చే ఆంధ్ర మహిళ కూడా మొదటి కిలోమీటరు నుంచే పూర్తి ఛార్జీ కట్టాలి. దాంతో కొందరు సరిహద్దు ఊరి దాకా ఉచిత బస్సులో వచ్చి, అక్కడ దిగి షేర్ ఆటో పట్టుకుంటున్నారు. చంకన పిల్లతో, చేతిలో సంచులతో రోడ్డు మీద నిలబడడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

దేశంలో ఇదే సమస్యను ఒక్కో రాష్ట్రం ఒక్కో విధంగా చూసింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కూడా స్థానిక మహిళలకే, కానీ రాష్ట్రం దాటే ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో సరిహద్దు దాకా ఉచితం, ఆ పైన దూరానికి మాత్రమే టికెట్. మహారాష్ట్రలో 2023 మార్చి 17 నుంచి ఎస్టీ (ఆ రాష్ట్ర రవాణా సంస్థ) బస్సుల్లో మహిళలకు సగం ఛార్జీ. అక్కడా రాష్ట్రపు హద్దు దాకా సగం, తర్వాత పూర్తి ఛార్జీ. నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లోనో బిలోలీలోనో ఉండే మన తెలుగు ఆడవాళ్లు నిజామాబాద్ వైపు వచ్చేటప్పుడు ఏ రాష్ట్రపు బస్సు ఎక్కామన్నది చూసుకుని ఎక్కుతారంటే అందుకే. తమిళనాడులో 2021 నుంచి సాధారణ టౌన్ బస్సుల్లో ఏ ఊరి మహిళ ఎక్కినా ఉచితమే, చిరునామా పత్రం అడగరు. పంజాబ్‌లో అడుగుతారు. వీటిలో తమిళనాడు పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. బస్సెక్కిన మనిషిని ప్రయాణికురాలిగా చూడడం అక్కడే కనబడుతుంది.

ఒడిశా వైపు ప్రైవేటు బస్సులే ఎక్కువ. వాటి ఛార్జీలను డీజిల్ ధరతో ముడిపెట్టారు. డీజిల్ పెరిగితే కిలోమీటరుకు ఇన్ని పైసలు పెంచినట్టు, తగ్గితే తగ్గించినట్టు రవాణా శాఖ ప్రకటిస్తుంది. పెరిగేటప్పుడు మాత్రమే కదిలే ధరలను చూసి అలవాటుపడిన మనకు ఇది మెచ్చుకోదగ్గ పద్ధతి. ఆంధ్రలో 2022లో డీజిల్ సెస్సు రెండుసార్లు వేశారు.

ఆ డీజిల్, పెట్రోలు ధరల్లోనే కిరాయి కారు లెక్క దాగి ఉంది. ముడి చమురు ధర దేశమంతటికీ ఒక్కటే, కేంద్రం వేసే ఎక్సైజు సుంకమూ ఒక్కటే. తేడా అంతా రాష్ట్రాల పన్నులో ఉంది. పెట్రోలుకు ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి వేస్తే, ఒడిశా 28 శాతం వ్యాట్ వేస్తోంది. అందుకే విజయనగరం, పార్వతీపురం బండ్లు తిరిగి వెళ్లేముందు రాయగడ బంకుల్లో ట్యాంకు నింపుకుని మరీ వెళ్తాయి. ఒకే రాష్ట్రంలోనూ ధర ఒక్కటిగా ఉండదు. డిపో నుంచి ట్యాంకరు రవాణా ఖర్చు కలుస్తుంది కాబట్టి భువనేశ్వర్‌లో కంటే మల్కన్‌గిరిలో పెట్రోలు ఖరీదు. ఆదాయం తక్కువున్న జిల్లాలో ఇంధనం ఎక్కువ ధర పలకడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

కారు మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. విశాఖలో దిగి ఉండిపోయినా రానూపోనూ కిలోమీటర్లకు డబ్బు అడుగుతారు. బండికి అఖిల భారత పర్మిట్ లేకపోతే సరిహద్దు దాటడానికి తాత్కాలిక పర్మిట్, పన్ను కట్టాలి, అది మన నెత్తినే పడుతుంది. రాత్రి ఆగితే డ్రైవరు బత్తా వేరు. ఒకసారి మా వారు ఇవేవీ అడక్కుండా మాట్లాడిన కారుకు అనుకున్నదానికి సగం మళ్లీ పెట్టవలసి వచ్చింది. నలుగురైదుగురు కలిసి వెళ్లినప్పుడో, రోగి కూర్చోలేని స్థితిలో ఉన్నప్పుడో తప్ప కారు నేను సిఫారసు చేయను.

విమానం మాట కూడా క్లుప్తంగా చెప్పాలంటే, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకం కింద 2022 అక్టోబరు 31న జయపురం నుంచి విశాఖకూ భువనేశ్వర్‌కూ తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైంది. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలే మించకూడదన్నది ఆ పథకం మొదట పెట్టుకున్న హద్దు, నష్టం వచ్చిన మేరకు ప్రభుత్వం పూడుస్తుంది. రాయగడ నుంచి జయపురం చేరడానికే సగం రోజు పడుతుంది కాబట్టి మా ఊరివాళ్లకు దానితో పనిలేదు.

ఎవరు ఏది ఎక్కాలంటే నా సలహా ఇది. ఒంటరిగా, తొందర లేకుండా వెళ్లేవాళ్లకు పాసింజరు. పొద్దున్నే ఆసుపత్రిలో ఉండవలసినవాళ్లు ముందు రాత్రి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో పెద్దవాళ్లుంటే వందే భారత్. పార్వతీపురం దాకానే అయితే బస్సు లేదా పాసింజరు, ఏది ముందు వస్తే అది.

సేవలు నడిపేవాళ్లకూ రెండు విన్నపాలున్నాయి. విశాఖకు పొద్దున ఎనిమిదిలోపు చేరే పాసింజరు బండి ఒకటి రాయగడ నుంచి వేయాలి. రాయగడ కేంద్రంగా కొత్త రైల్వే డివిజన్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది కాబట్టి ఈ కోరిక వినేవాళ్లు ఇక మా ఊళ్లోనే ఉండబోతున్నారు. రెండోది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి. రాష్ట్రం దాటే ఎక్స్‌ప్రెస్ బస్సులో తెలంగాణ తన మహిళలకు సరిహద్దు దాకా సున్నా టికెట్ ఇవ్వగలుగుతోంది. పార్వతీపురం–రాయగడ బస్సులోనూ కూనేరు దాకా సున్నా టికెట్, ఆ పైన మిగిలిన కొద్ది కిలోమీటర్లకు మాత్రమే డబ్బు తీసుకునే ఏర్పాటు చేస్తే, పిల్లలతో సరిహద్దులో దిగి ఆటో కోసం ఎదురుచూసే ఆడవాళ్లు ఎక్కిన సీటులోనే కూర్చుని రాయగడ చేరతారు.